నాలుగు సెంటీమీటర్ల గీత

"చెమటోడ్చి" అన్న మాటను స్కేలు మాస్టారు ఆ ఉదయానికి ఏడోసారి కొట్టేశాడు. ఎర్ర పెన్సిలు మొన విరిగింది. చెక్కుకుని పేజీ తిప్పేసరికి అక్కడ "అహోరాత్రాలు చెమటోడ్చి" అని ఉంది.

రైలింజన్ల ఫ్యాక్టరీకి యాభై ఏళ్ళు నిండుతున్నాయి. చరిత్ర పుస్తకం శుక్రవారం ప్రెస్సుకు వెళ్ళాలి. డ్రాయింగ్ ఆఫీసులో ముప్ఫై ఆరేళ్ళు గీతలు గీసి రిటైరైన మనిషిని, మీకంటే తెలిసినవాళ్ళు ఎవరున్నారంటూ పిలిపించి, ఫ్యాను తిరిగినా గాలి రాని ఈ గదిలో కూర్చోబెట్టారు. జేబులో ఎప్పుడూ పదిహేను సెంటీమీటర్ల స్టీలు స్కేలు ఉంటుంది కాబట్టి షాపులన్నిటిలోనూ ఆయన పేరు స్కేలు మాస్టారే. ఆయన రాసి ఇచ్చిన చరిత్ర నలభై పేజీలు. ప్రచారాధికారి దిద్దాక అది అరవై అయింది. పెరిగిన ఇరవై పేజీలూ విశేషణాలే.

"ఇదేమిటి బాబూ? డీజిల్ శక్తితో చక్రాలు గిర్రున తిరిగాయి అని రాశావు?"

ప్రచారాధికారి కంప్యూటరు మీంచి తల ఎత్తాడు. ఇస్త్రీ చొక్కా, చేరి రెండేళ్ళయింది. "తిరగలేదా సార్?"

"డీజిల్ చక్రాల్ని తిప్పదయ్యా. డీజిల్ జనరేటర్ని తిప్పుతుంది. జనరేటర్ కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటుతో ఇరుసుల దగ్గరున్న మోటార్లు తిరుగుతాయి. చక్రాల్ని తిప్పేది ఆ మోటార్లు. అందుకే డీజిల్-ఎలక్ట్రిక్ అన్నారు. నీ కుర్చీ వెనక గోడ అవతల రోజూ చేస్తున్నది అదే. ఒకసారి వెళ్ళి చూడరాదూ?"

"జనానికి అంత అక్కర్లేదు సార్. చక్రాలు తిరిగాయి, చాలు."

మాస్టారు పేజీ తిప్పి ముందుకు చదివాడు. బాయిలర్లు బాగుచేసే రేకుల షెడ్డు దగ్గర మొదలైన కథ. తర్వాత ఎనిమిదేళ్ళ పాటు ఓడల్లో చెక్కపెట్టెలు రావడం, ఎవరో చేసిన ఇంజన్లను ఇక్కడ బిగించి రంగు వెయ్యడం. పదో ఏట జనరేటర్, మోటార్లతో సహా అంతా సొంతంగా చేసిన మొదటి ఇంజను. ఇప్పటికి పదకొండు వందల ఇంజన్లు. ఆయన రాసిన చరిత్ర పెద్దగా వంకరలు పోలేదు, ఇరవై ఆరో పేజీ దాకా.

అక్కడ నల్లగీతల డబ్బా ఒకటి కొత్తగా వచ్చి కూర్చుంది. పైన "ఒక గుణపాఠం" అని పెద్ద అక్షరాలు. మొదటి ఇంజను లోడు పరీక్షలో జనరేటర్ కాలిపోయిందనీ, దానికి కారణం జనరేటర్ లోపలి రాగి కాయిల్స్ చుట్టే వైండింగ్ సెక్షన్లో ఒక కార్మికురాలి అజాగ్రత్త అనీ, ఆ కాలిన కాయిల్ నేటికీ ట్రైనింగ్ స్కూల్లో హెచ్చరికగా ఉందనీ రాసి, ఆ కార్మికురాలి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా వేశాడు.

"ఇది నేను రాయలేదే."

"నేనే చేర్చాను సార్. పుస్తకం మరీ చప్పగా ఉంది. ఒక్క దెబ్బ తగలాలి, దాంట్లోంచి లేవాలి. అప్పుడే విజయానికి రుచి."

"ఎవరు చెప్పారు ఆవిడదే తప్పని?"

"రికార్డుంది. ఆవిడే ఒప్పుకుంది, సంతకం కూడా పెట్టింది."

"ఆవిడ బతికే ఉందయ్యా! ఇక్కడికి నాలుగు వీధులు!"

"అవునా?" ప్రచారాధికారి మొహం చేటంత అయింది. "అయితే ఫంక్షన్‌కి పిలుద్దాం సార్. వీల్‌ఛైర్ కావాలా?"

మాస్టారికి ఒళ్ళు మండిపోయింది. ఈ కుర్రాడి మీద అరిచి లాభం లేదు. చెడ్డవాడు కాదు, అదే వచ్చిన చిక్కు. "రెండు వేల కాపీల్లో ఒక మనిషిని అజాగ్రత్త మనిషి అని అచ్చేస్తావా?"

"వేరే కారణం ఉందని కాగితం చూపించండి, తీసేస్తాను. గురువారం సాయంత్రం దాకా టైముంది. కాగితం లేని మాట చెల్లదని మీరే కదా సార్ రోజుకు పదిసార్లు అంటారు?"

ఆ సాయంత్రం ఇంట్లో మాస్టారు కుర్చీ ఎక్కి బీరువా మీది కాగితాల మూట దించాడు. మొదటి ఇంజను నాటి డ్రాయింగుల నకళ్ళు అందులోనే ఉన్నాయి. రిటైరైన రోజున ఆఫీసు నుంచి తెచ్చి వసారాలో పడేస్తే, భార్య అట్టముక్కలు రెండు అడ్డం పెట్టి నూలు పురితో కట్టింది. ఆవిడ పోయి నాలుగేళ్ళు. ఆవిడ కట్టిన మూట ఆయన ఒక్కసారీ విప్పలేదు. ఏ కాగితం కావలసినా పక్కనుంచి వేళ్ళు దూర్చి లాగుతాడు. అలా లాగి లాగి అట్ట అంచులు పీచు లేచాయి.

"నాన్నా, ఆ కొస పట్టుకుని లాగితే ఊడొస్తుంది," అప్పుడే ఆఫీసు నుంచి వచ్చిన కూతురు చెప్పులు విడుస్తూ అంది. "అమ్మ ఆ చిన్న ఉచ్చు వదిలేదే అందుకు."

"తెలుసులే."

"తెలిసి ఆ తిప్పలెందుకు? చూడు, వేలు కోసుకున్నావు."

ఆయన వేలు నోట్లో పెట్టుకున్నాడు. జనరేటర్ డ్రాయింగు వచ్చింది, నీళ్ళ ట్యాంకు డ్రాయింగు వచ్చింది. నడుమ నాలుగు మడతలు పెట్టిన పెద్ద కాగితం ఒకటి పురి కింద బిగుసుకుని కదల్లేదు. విసుగొచ్చి వదిలేశాడు. బయటికి వచ్చిన డ్రాయింగుల్లో ఎక్కడా ఏ తప్పూ లేదు. తన గీతలు తనకే ముచ్చటగా కనిపించాయి. అది ఇంకా చిరాకు తెప్పించింది.

మంగళవారం పొద్దున్నే, ఆ డబ్బాలో పేరు పడిన పెద్దక్క ఇంటికి వెళ్ళాడు. వైండింగ్ సెక్షన్లో ఆడవాళ్ళందరికీ ఆవిడ పెద్దక్కే. అక్కడే పనిచేసిన ఆయన భార్య ఆవిణ్ణి సొంత అక్కకంటే ఎక్కువగా చూసుకునేది కాబట్టి ఆయనకు వదిన వరస. డెబ్భై ఏళ్ళ మనిషి వరండాలో పీట మీద కూర్చుని, పొరుగువాళ్ళ ఇనుప కుర్చీకి ప్లాస్టిక్ వైరు అల్లుతోంది. వీల్‌ఛైర్ మాట గుర్తొచ్చి మాస్టారికి నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"రండి మరిదిగారూ. ఆ కుర్చీలో కూర్చోకండి, అడుగు లేదు. ఈ స్టూలు లాక్కోండి."

ఆయన సంగతంతా చెప్పాడు. ఆవిడ వైరు లాగి బిగిస్తూనే వింది.

"రాసుకోనివ్వండి," అంది చివరికి.

"అదేం మాట వదినగారూ? ఆ కాయిల్ కాలిందని మీ చేతిలోంచి వైండింగ్ పని లాక్కున్నారు. ఇరవై ఎనిమిదేళ్ళు స్టోర్లో కూర్చుని గ్లౌజులూ పాతగుడ్డలూ పంచిపెట్టారు. అంత చేతిపని ఉన్న మనిషి! అదిప్పుడు అచ్చులో కూడా ఎక్కాలా?"

"గ్లౌజులు పంచడం మంచి పనే. అందరూ పలకరించేవాళ్ళు."

"అసలా రోజు ఏం జరిగింది?"

"ఏం జరుగుతుంది? ఇంజన్ను తెచ్చి ఉప్పునీళ్ళ ట్యాంకు పక్కన నిలబెట్టారు. దాని కరెంటంతా ఆ ఉప్పునీళ్ళలోకి వదిలారు. ఇనుప పలకలు కిందికి దించేకొద్దీ లోడు పెరగాలి, నీళ్ళు మరగాలి. కుతకుతా ఉడికాయి కూడా. ఇంతలో లోపల ఫట్‌మని పేలింది. వచ్చిన పెద్దలకు వేసిన కుర్చీల దాకా పొగ. షామియానా తాడు కాలికి తగిలి ఓ పెద్దాయన పడ్డాడు." నలభై ఏళ్ళ తర్వాత కూడా ఆ పడ్డం తలుచుకుని ఆవిడ కళ్ళు మెరిశాయి. "తర్వాత ఫోర్‌మన్ కాలిన కాయిల్ పట్టుకొచ్చి, ఇది కట్టిందెవరు అని అడిగాడు. నేనే అన్నాను."

"మీదే అని ఎలా తెలిసింది? ఒక్క జనరేటర్లో ఎన్ని కాయిల్స్!"

"ముడి చూస్తే తెలీదూ? టేపు చుట్టాక కొసన పురితో ముడేస్తాం. ఎవరి ముడి వాళ్ళది. ఫోర్‌మన్‌కి అన్నీ ఒకటే, మాకు మాత్రం మొహాలు చూసినట్టే." అనేసి ఆవిడ చటుక్కున ఆగింది.

మాస్టారు స్టూలు ముందుకు జరిపాడు. "అయితే ఆ కాయిల్ ఇంకా ఉంది. ముడి చూడొచ్చు."

"ముడి సంగతి వదిలెయ్యండి."

"ఎందుకు వదలాలి?"

"వదిలెయ్యమంటే వదిలెయ్యండి! ఇంత వయసొచ్చింది, ఒక మాట వినడం చేతకాదు మీకు. పాపం మీ ఆవిడ ఎలా వేగిందో మీతో."

వైరు కొస పళ్ళతో కొరికి ఆవిడ లోపలికి పోయింది. కాఫీ అయినా ఇవ్వలేదు. మాస్టారు ఒక్కడే మిగిలాడు. కుర్చీ చట్రం చుట్టూ ఆవిడ వేసిన ముడులు వరసగా ఉన్నాయి. బల్లపరుపుగా, రెండు చుట్లు ఎడమకు తిరిగి, కొస కత్తిరించినట్టు ఆగిపోయి. జేబులోంచి స్కేలు తీసి కొలిచాడు. అన్నీ ఒక్క కొలతే.

బుధవారం ట్రైనింగ్ స్కూలు. ఇన్‌స్ట్రక్టరు పాత పరిచయస్థుడే. గాజు బీరువా తాళం మాత్రం పాత పరిచయాలను లెక్కచేయలేదు. నాలుగు తాళంచెవులు తిప్పాక, ఐదోది విరిగాక, వెనక పలక మరలు విప్పి కాయిల్ బయటికి తీశారు.

"ఏటా ఇదే చూపిస్తాను మాస్టారూ. పిల్లలు బుద్ధిగా వింటారు. ఫోటో కోసమా?"

చెయ్యంత పొడవు, వంపు తిరిగిన రాగి. ఒక కొస బొగ్గయింది. దాని కింద రేకు పలక మీద తెల్లరంగుతో "అజాగ్రత్తకు ఫలితం" అని రాసి ఉంది. రెండో కొస చెక్కుచెదరలేదు. టేపు మీద వార్నిష్ తేనెరంగులో గట్టిపడి, ముడి దాని లోపల గాజులో పెట్టినట్టు కనిపిస్తోంది.

మాస్టారు భూతద్దం అడిగి తీసుకున్నాడు. ఎడమకు రెండు చుట్లు లేవు. కొస కత్తిరించి లేదు.

"పెద్దక్క ముడి కాదిది!" అని కేకేశాడు. ఇన్‌స్ట్రక్టరు ఉలిక్కిపడ్డాడు. "చూడు, బల్లపరుపుగా లేదు. కొస వెనక్కి తిరిగి చుట్టు కిందికి దూరింది. ఇక్కడ చూడు, ఒక చిన్న..."

భూతద్దం ఇంకాస్త దగ్గరికి జరిపాడు.

ఒక చిన్న ఉచ్చు. గోరంత. జన్మలో ఎవరూ విప్పని కాయిల్ మీద, విప్పేవాళ్ళకు కష్టం కాకూడదని వదిలిన ఉచ్చు. ఇంట్లో కర్టెన్ తాడుకు, పాత చీరల మూటకు, ఆయన టిఫిను డబ్బా గుడ్డకు, బీరువా మీది కాగితాలకు ఉన్న ఉచ్చు.

"మాస్టారూ, నీళ్ళు కావాలా?"

"ఆ రేకు పలక తీసెయ్యగలవా?"

"ఆర్డరు కావాలి మాస్టారూ. సామాను జాబితాలో ఎక్కిన వస్తువు."

ఆర్డరు! మాస్టారు విసవిసా బయటికి నడిచాడు. నడుస్తూ నెలలు లెక్కపెట్టాడు. ఆ పరీక్ష జరిగిన ఐదు నెలలకు కూతురు పుట్టింది. భార్య అప్పటికి ప్రొబేషన్లో ఉంది. ప్రొబేషన్లో ఉన్నవాళ్ళ మీద తప్పు పడితే విచారణ ఉండేది కాదు, ఇంటికి పంపించేసేవాళ్ళు. ఇంకో సంగతి గుర్తొచ్చి గేటు దగ్గర ఆగిపోయాడు. సర్వీసంతా మధ్యాహ్నం భోజనానికి ఆవిడ ఒక్కరోజు కూడా ఆయన ఆఫీసుకు రాలేదు. డబ్బా పట్టుకుని స్టోరుకు పోయేది. మొగుడికంటే స్టోరు ఎక్కువైందా అని ఆయన ఎన్ని వందల సార్లు సణిగాడో. ఆవిడ నవ్వి ఊరుకునేది.

ఇల్లు చేరేసరికి ఎండ ఇంకా వాకిట్లోనే ఉంది. కూతురు రాలేదు. మూట బల్ల మీద పెట్టి ఉచ్చు పట్టుకుని లాగాడు. ముడి చప్పుడు లేకుండా విడిపోయింది. అంత సులువుగా ఊడుతుందని తెలిసీ నాలుగేళ్ళు వేళ్ళు కోసుకున్నందుకు తన మీద తనకే కోపమొచ్చింది.

నడుమ ఇరుక్కున్న కాగితం విప్పి పరిచాడు. మొదటి ఇంజను పని చార్టు. ఏ పని ఏ రోజు మొదలై ఏ రోజు ముగియాలో అడ్డగీతల్లో చూపించే కాగితం. రోజుకు మూడు సెంటీమీటర్లు. కింద మూలన తన చిన్న సంతకం. పైన పెన్సిలుతో ఫోర్‌మన్ రాత: "ప్రారంభోత్సవం ముందుకు జరిగింది. పద్దెనిమిది రోజుల పని పన్నెండులో అవ్వాలి. చార్టు సరిచేసి ఇవ్వండి."

సరిచేసి ఇచ్చాడు. ఎంత శుభ్రంగా ఇచ్చాడో! ప్రతి గీతనూ మూడింట రెండొంతులకు కుదించాడు. రాగి వంచే గీత, టేపు చుట్టే గీత, బిగింపు గీత, ఏదీ వదల్లేదు. ఆ పనులకు ఇంకో పదిమందిని పెడితే సరిపోతుంది. ఓవెన్ గీతకు ఎవర్ని పెడతారు? వార్నిష్‌లో ముంచిన కాయిల్స్ వేడిలో నలభై ఎనిమిది గంటలు ఆరాలి, లేకపోతే లోపలి తడికి కరెంటు దారి తప్పి కాయిల్ కాలుతుంది. వెయ్యిమంది చుట్టూ నిలబడి ఊదినా నలభై ఎనిమిది గంటలే. జేబులోంచి స్కేలు తీశాడు. ఆరు సెంటీమీటర్లు ఉండాల్సిన గీత. కొలిచాడు. నాలుగు. ముప్ఫై రెండు గంటలు.

మళ్ళీ కొలిచాడు. గీత వెంట్రుకవాసి కూడా వంకర లేదు. సిరా ఎక్కడా పొంగలేదు.

కూతురు వచ్చేసరికి ఆయన విడిపోయిన పురిని వేలికి చుట్టుకుని కూర్చుని ఉన్నాడు. "హమ్మయ్య, విప్పావా?" అంది. ఆయన మొహం చూసి ఇంకేం అడగకుండా దీపం వేసింది.

గురువారం మాస్టారు ప్రచారాధికారి బల్ల మీద చార్టు పరిచి, పక్కన తను రాసిన పేరా పెట్టాడు. "నీ డబ్బా తీసేసి ఇది వెయ్యి."

అతను పైకి చదివాడు. "మొదటి ఇంజను జనరేటర్ కాలడానికి కారణం వైండింగ్ కాదు. నలభై ఎనిమిది గంటలు ఆరవలసిన కాయిల్స్‌ను ముప్ఫై రెండు గంటలకే ఓవెన్ నుంచి తీశారు. ఆ గడువు వేసింది డ్రాయింగ్ ఆఫీసు చార్టు. గడువు కుదించమన్నప్పుడు కుదించకూడని గీతను కూడా కుదించడం పొరపాటు. ఆ కాయిల్ ఎవరు కట్టినా కాలేది. ఆ చార్టు గీసింది ఈ చరిత్ర రాసిన..." ఆగిపోయాడు. "సార్, ఇది మీరే."

"చదవడం వచ్చన్నమాట."

"సార్, చరిత్ర రాసినాయనే తప్పు చేశాడంటే పుస్తకం ఏం కావాలి? మేనేజర్‌గారు నన్ను బతకనిస్తారా? పోనీ పేరు లేకుండా వేద్దాం. సాంకేతిక కారణాల వల్ల అందాం."

"ఆవిడ పేరు ఇంటిపేరుతో సహా వెయ్యబోయావు కదా? నాకూ ఒక ఇంటిపేరు ఉంది. వెయ్యి."

"మీకు ఇంత మొండితనం ఏమిటి సార్?"

"కాగితం అడిగావు. తెచ్చాను."

అతను జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి చాలాసేపు చార్టు చూశాడు. తర్వాత స్కేలు ఇమ్మని చెయ్యి చాచాడు. ఓవెన్ గీత తనే కొలిచాడు. మేనేజరు గదికి వెళ్ళి అరగంటకు తిరిగొచ్చాడు, చెవులు ఎర్రబడి ఉన్నాయి. "వెయ్యమన్నారు. నన్ను మాత్రం ఏదో అన్నారు, అది వద్దులెండి," అని కీబోర్డు ముందు కూర్చున్నాడు. మాస్టారు వెనక నిలబడి ప్రతి అక్షరం పడడం చూశాడు. పేరా యథాతథంగా పడింది. ఒక్క విశేషణం కూడా చేర్చలేదు. ఆ నిమిషంలో ఆ కుర్రాడి మీద ఆయనకు మొదటిసారి ప్రేమ కలిగింది.

గేటు దగ్గర ఇన్‌స్ట్రక్టరు సైకిలు దిగి, న్యూస్‌పేపర్లో చుట్టిందేదో చేతిలో పెట్టాడు. "ఆర్డరు వచ్చినప్పుడు వస్తుంది. మరలు ఎలాగూ విప్పాం కదా అని," అని సైకిలెక్కి పోయాడు. రేకు పలక.

మాస్టారు వెళ్ళేసరికి పెద్దక్క కుర్చీ పూర్తి చేసింది. దాంట్లోనే కూర్చుని ఉంది. ఆయన చేతిలో పలక చూడగానే ఆవిడకు అర్థమైంది. చార్టు సంగతి చెప్పనిచ్చింది, పుస్తకంలో ఏం పడిందో చెప్పనిచ్చింది. అంతా అయ్యాక నెత్తి కొట్టుకుంది.

"నలభై ఏళ్ళు నోరు మూసుకున్నది ఇందుకా? అందరూ చదవాలనా? ముప్ఫై రెండు గంటలకే తీస్తారేమిటి అని నేను ఫోర్‌మన్‌తో పోట్లాడితే, ఆ చార్టే నా మొహాన పెట్టాడు. కింద మీ సంతకం. ఆ కాయిల్ కట్టింది మీ ఆవిడ, గడువు వేసింది మీరు. కడుపులో పిల్ల. ఒక ఇంట్లో ఇద్దరి ఉద్యోగాలూ ఒక్కరోజున పోతే? నేను పర్మినెంటు. నన్ను ఏం చేస్తారు, తిప్పి ఇంకో చోట వేస్తారు. వేశారు. అంతే కదా."

"తనకు తెలుసా?"

"ముడి తనదని తెలుసు. చెప్పేస్తానని ఏడ్చింది. పురుడు కానివ్వమన్నాను. పురుడయ్యాక పిల్ల నడవనీ అన్నాను. అలా జరిగిపోయింది. చార్టు సంగతి చెప్పలేదు. చెప్తే మీతో కాపురం చేసేదా?"

మాస్టారు తల దించుకున్నాడు. క్షమించమని అడగాలని నడిచొచ్చినంతసేపూ మాటలు పేర్చుకున్నాడు. అవన్నీ వదిలేసి పలకను ఆవిడ ముందుకు చాచాడు.

"తన ముడి సంగతి పుస్తకంలో రాయలేదు," అన్నాడు చివరికి.

"అంత బుద్ధి ఉంది, సంతోషం." ఆవిడ రేకు పలక తీసుకుని అటూ ఇటూ తిప్పింది. లేచి, వంగి, ఎగుడుదిగుడు నేల మీద ఊగుతున్న కుర్చీ కాలి కింద దూర్చింది. ఊపి చూసింది. కుర్చీ కదల్లేదు. అప్పుడు లోపలికి వెళ్ళి రెండు కాఫీలు తెచ్చింది.

సగం తాగాక, వీధివైపు చూస్తూ అడిగింది: "ఎలా ఉంది ఆ ముడి?"

"చెక్కుచెదరలేదు. ఆ కొస కాలి బొగ్గయింది. ముడి మాత్రం నిన్న వేసినట్టుంది."

"ఉండదూ మరి? నేర్పింది నేను." గ్లాసు కింద పెట్టి, చీర కొంగుతో పెదాలు తుడుచుకుంది. "ఆ ఉచ్చు మాత్రం నేను నేర్పలేదు మరిదిగారూ. అది తనదే."